అమ్మాయి లేజర్ల మీద పరిశోధన చేస్తానంటోందా?

ఇంట్లో పిల్ల డాక్టరవుతానంటే ఏం చెయ్యాలో మనకి తెలుసు. నీట్ కోచింగ్ ఎక్కడ బాగుంటుందో, ఎంత ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందో, సీటు రాకపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు వీధికొకరుంటారు. సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న పిల్ల సెలవులకొచ్చి “అల్ట్రాఫాస్ట్ లేజర్లలో పీహెచ్‌డీ చేస్తాను” అన్నప్పుడు మాత్రం ఏమనాలో తోచదు. చుట్టాల్లో ఆ పని చేసినవాళ్లు లేరు. ఎన్నేళ్లు పడుతుందో, చేతికి ఎంతొస్తుందో, ఆ తరవాత ఏమవుతారో అడుగుదామంటే మనిషి లేడు. అప్పుడు మన నోట వచ్చేది ఒక్కటే: “అది చేస్తే ఏమొస్తుంది?”

అడగడంలో తప్పు లేదు. కాకపోతే పిల్ల చెవికి అది ప్రశ్నలా వినబడదు, “వద్దు” అన్నట్టే వినబడుతుంది. అందుకని ఆ మాట అనేముందు కొన్ని సంగతులు తెలుసుకోండి. తెలుసుకున్నాక వద్దనిపించినా సరే, దేన్ని వద్దంటున్నారో మీకు తెలిసి ఉంటుంది.

ముందు ఆ పనేమిటో చూద్దాం. తిరుగుతున్న ఫ్యాన్‌ని ఫోన్లో ఫొటో తీస్తే రెక్కలు అలుక్కుపోయినట్టు వస్తాయి. అదే చీకటి గదిలో, ఇలా వెలిగి అలా ఆరిపోయే ఫ్లాష్‌తో తీస్తే మూడు రెక్కలూ ఆగిపోయినట్టు విడివిడిగా కనిపిస్తాయి. వస్తువు ఎంత వేగంగా కదిలితే దాన్ని పట్టుకునే వెలుగు అంత తక్కువసేపు ఉండాలి. ఫ్యాన్ రెక్కకైతే మామూలు ఫ్లాష్ చాలు. ఒక అణువు విరిగి రెండు ముక్కలవుతుంటే చూడాలంటే ఫెమ్టోసెకన్ల పాటు మాత్రమే ఉండే వెలుగు కావాలి. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కని మళ్లీ వెయ్యి చేస్తే వచ్చేది ఫెమ్టోసెకను. సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుగు సైతం అంతసేపట్లో తల వెంట్రుక మందంలో రెండు వందల వంతు దూరం కూడా సరిగ్గా దాటదు.

ఈజిప్టులోని దమన్‌హూర్‌లో పుట్టి అమెరికాలో కాల్‌టెక్‌లో పనిచేసిన అహ్మద్ జెవైల్ ఇలాంటి వెలుగు తునకలతో రసాయన చర్యని అది జరుగుతూ ఉండగానే చూశారు. ఆ పనికి 1999లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. మీరు ఈ వాక్యం చదువుతుంటే మీ రెటీనాలో, వెలుగు తగిలిన చోట ఒక అణువు మెలి తిరుగుతుంది. చూపు మొదలయ్యేది అక్కడే. ఆ మెలిక పడటానికి పట్టే సమయం సుమారు 200 ఫెమ్టోసెకన్లు. 1991లో దీన్ని కొలిచింది ఈ రకం లేజర్లతోనే. ఎలక్ట్రాన్ల కదలిక చూడాలంటే ఇదీ చాలదు, ఫెమ్టోసెకనులో వెయ్యో వంతైన ఆట్టోసెకన్లలోకి దిగాలి. 2023 భౌతికశాస్త్ర నోబెల్ ఆ పనికే వచ్చింది. పియెర్ అగొస్తిని, ఫెరెంత్స్ క్రౌజ్, ఆన్ లూయియే ముగ్గురూ పంచుకున్నారు.

కాబట్టి మీ పిల్ల చేస్తానంటున్నది అర్థంపర్థం లేని పని కాదు. ప్రకృతిలో అతి వేగంగా జరిగేవాటిని కళ్లారా చూడాలనుకుంటోంది. ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికైనా అలాంటి కోరిక పుట్టిందంటే నేనైతే ముందు సంతోషిస్తాను. బెంగ తరవాత ఎలాగూ తప్పదు.

ఇక “ఏమొస్తుంది” అన్నదానికి లోకం నుంచి ఒక జవాబు ఉంది. 1990ల మొదట్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి ల్యాబులో అద్దాలు సరిచేస్తుండగా ఫెమ్టోసెకన్ లేజర్ కంట్లో పడింది. పరీక్ష చేసిన కంటి డాక్టరు రెటీనా మీద పడిన మచ్చ చూసి ఆశ్చర్యపోయాడు. మామూలు లేజర్ గాయాల్లా చుట్టూ కమిలి లేదు, చక్కగా గుండ్రంగా, చిన్నగా ఉంది. ఆ డాక్టరూ ఆ ల్యాబువాళ్లూ కలిసి పనిచేస్తే బ్లేడు లేకుండా చేసే లేసిక్ ఆపరేషన్ పుట్టింది. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో కళ్లజోడు తీసేయించుకుంటున్న కుర్రాళ్లలో చాలామంది కార్నియాని కోసేది ఈ రకం లేజరే. వేడి పక్కకి పాకేలోపే పని ముగించేస్తుంది కాబట్టి గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు కొయ్యడానికీ, ఫోన్ల గాజు కొయ్యడానికీ కూడా వాడుతున్నారు. లిథువేనియా అనే చిన్న దేశం ఉంది. జనాభా మన హైదరాబాదు జనాభాలో సగం కూడా ఉండదు. అక్కడి విల్నియస్ విశ్వవిద్యాలయం మనుషులు పెట్టిన కంపెనీ నుంచి ప్రపంచంలోని పెద్ద పెద్ద ల్యాబులు ఫెమ్టోసెకన్ లేజర్లు కొనుక్కుంటాయి.

అయితే ఈ జవాబు మీద ఎక్కువ భారం వెయ్యకండి. ఆన్ లూయియే 1987లో పారిస్ దగ్గర సక్లేలో ఒక జడవాయువులోకి లేజర్ కాంతిని పంపి, అందులోంచి ఎవరూ ఊహించని అతినీలలోహిత కాంతి రావడం చూసింది. అప్పటికి దానితో ఏమొస్తుందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఆ కాంతి నిజంగా ఆట్టోసెకన్ పల్సులుగా, అంటే అంత చిన్న వెలుగు తునకలుగా వస్తోందని ఇతరులు కొలిచి చూపేసరికి 2001 అయింది. నోబెల్ ఫోను వచ్చేసరికి 2023. ఆ ఫోను వచ్చినప్పుడు ఆవిడ స్వీడన్‌లోని లుండ్‌లో పాఠం చెబుతోంది. మాట్లాడి వచ్చి మిగతా పాఠం పూర్తి చేసింది. నోబెల్ కోసం మీ పిల్లని పంపమని దీని అర్థం కాదు. అది లాటరీ కన్నా అరుదు. ఈ రంగంలో ఫలితం ఎప్పుడొస్తుందో చేసేవాళ్లకి కూడా తెలియదన్నదే ఇక్కడ మీరు గమనించాల్సింది.

అల్ట్రాఫాస్ట్ ల్యాబంటే చాలామంది సినిమాల్లో లాగా రంగురంగుల కిరణాలు ఊహించుకుంటారు. నిజానికి అది కిటికీలు లేని గది. కంపనాలు తగలకూడదని చాలాచోట్ల భవనంలో అడుగు అంతస్తులో పెడతారు. మధ్యలో గాలి మీద తేలే బరువైన బల్ల, దాని నిండా వరసగా రంధ్రాలు, వాటిలో మరలు బిగించిన వందల చిన్న చిన్న అద్దాలు, కటకాలు. ఏసీ ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే లేజర్ దారి తప్పుతుంది. ఒక అద్దాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతు వెనక్కి జరిపితే వెలుగు వెళ్లి రావడంలో ఏడు ఫెమ్టోసెకన్ల తేడా వచ్చేస్తుంది. దుమ్ము కణం ఒకటి అద్దం మీద వాలితే అక్కడ కాలిపోయి అద్దమే పనికిరాకుండా పోతుంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా కిరణాన్ని సరిచేసి, రాత్రి జనం కదలికలు తగ్గాక ప్రయోగం మొదలుపెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి డిటెక్టరు పాడైందని తెలుసుకోవడం ఇక్కడ మామూలే.

ఈ పనిలో వాడే లేజర్లలో చాలావాటి వెలుగు కంటికి దాదాపు కనపడదు. కనపడదు కాబట్టే ప్రమాదం ఎక్కువ. రక్షణ కళ్లజోడు లేకుండా లోపలికి రానివ్వరు. ఉంగరాలు, గడియారం, గాజులు తీసి బయట పెట్టాలి, వాటి మీద పడి కిరణం ఎటైనా తిరగొచ్చు. “మిగిలిన కంటితో లేజర్ వైపు చూడొద్దు” అని ల్యాబుల్లో ఒక చేదు జోకు ఉంది. పిల్ల పండక్కి బోసి చేతులతో వచ్చిందని అమ్మమ్మ బాధపడితే కారణం ఇదని చెప్పండి. ఇందాకటి మిషిగన్ కథ విని మీకు భయమేసి ఉంటే అదీ మంచిదే. చేరబోయే ల్యాబులో కళ్లజోడు నియమం గట్టిగా పాటిస్తారా అని పిల్లని అడగండి. అమ్మానాన్నలుగా మీరు అడగదగ్గ సాంకేతిక ప్రశ్న ఏదైనా ఉందంటే అదే.

ఇలాంటి పనికి ఎలాంటి పిల్లలు తగుతారు? ఇక్కడ మన చదువుల తీరు గురించి ఒక మాట అనక తప్పదు. మన ఇంటర్ కాలేజీలు చాలావాటిల్లో ప్రాక్టికల్స్ అంటే పరీక్షల ముందు వారం రికార్డు కాపీ చేసి సంతకం పెట్టించుకోవడమే. జేఈఈలో గొప్ప ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు స్క్రూడ్రైవరు పట్టుకుని ఎరగడు. ఆ ర్యాంకు ఈ రంగంలో పెద్దగా ఏమీ చెప్పదు. లెక్కలు రావాలి, ప్రోగ్రామింగ్ రావాలి, నిజమే. వాటికన్నా ముఖ్యంగా ఒకటి పనిచెయ్యకపోతే ఎందుకు పనిచెయ్యలేదో కనిపెట్టేదాకా నిద్రపట్టని గుణం ఉండాలి. అది ఉందో లేదో మార్కుల జాబితాలో కనపడదు, ఇంట్లో పక్కనుండి పెంచిన మీకు తెలుస్తుంది. ఓడిపోతే వారం పాటు గది తలుపేసుకునే పిల్లకి ఈ దారి కష్టమవుతుంది. అలాగని అది మారని గుణమేం కాదు. ల్యాబులో మొదటి ఏడాది చాలామందిని మార్చేస్తుంది.

ఇప్పుడు డబ్బు. దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

ఈ దారిలో చదువుకి ఖర్చు తక్కువ. ఇంటర్ ఎంపీసీ తరవాత సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన ఐసర్ అనే సంస్థల్లో, తిరుపతితో కలిపి ఏడింటిలో, ఐదేళ్ల బీఎస్-ఎమ్మెస్ ఉంది, దానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఎమ్మెస్సీ ఉంది. అవేవీ కాక ఊళ్లో డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదివినా తలుపులు మూసుకుపోవు. జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. మామూలు డిగ్రీ కాలేజీ నుంచి అలా వెళ్లిన పిల్లల్ని నేను చూశాను. ఇంగ్లీషుకి కొన్ని నెలలు ఇబ్బంది పడ్డారు గాని, ఫిజిక్స్‌కి కాదు. ఎమ్మెస్సీ అయ్యాక నెట్, గేట్, జెస్ట్, టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) పరీక్ష వంటివి రాసి పీహెచ్‌డీలో చేరతారు.

ఆ రోజు నుంచి మీరు డబ్బు కట్టేది ఉండదు, వాళ్లే ఇస్తారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్ఎఫ్) కింద 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తరవాత సీనియర్ ఫెలోషిప్పు (ఎస్ఆర్ఎఫ్) కింద 42,000, పైన ఇంటి అద్దె భత్యం లేకపోతే హాస్టలు. మంచి ల్యాబులో పీహెచ్‌డీకి విదేశం వెళ్లినా ఇంతే. జర్మనీలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని సాధారణంగా జీతం మీద ఉద్యోగిగానే తీసుకుంటారు. అమెరికాలో ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. అమెరికా ఎమ్మెస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేసే అలవాటు మన తెలుగువాళ్లకి బాగా ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను: ఫిజిక్స్ పీహెచ్‌డీకి అప్పు చెయ్యాలని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. సొంత డబ్బు పెట్టి చెయ్యాల్సిన పీహెచ్‌డీ ఈ రంగంలో చెయ్యదగ్గది కాదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఫెలోషిప్పు డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, తరవాత బకాయిలన్నీ కలిపి ఒకేసారి పడతాయి. మొదటి ఏడాది మూడు నాలుగు నెలల ఖర్చుకి సరిపడా మీ దగ్గర పక్కన పెట్టి ఉంచండి. పిల్ల అడక్కముందే ఆ సంగతి చెప్పండి. ఇరవై నాలుగేళ్ల పిల్ల నాన్నని మెస్సు బిల్లు అడగడానికి పడే సిగ్గు మీరనుకునేదాని కంటే ఎక్కువ.

ఇక వయసు లెక్క. ఎమ్మెస్సీ అయ్యేసరికి 22 లేదా 23. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ తరవాత పోస్ట్‌డాక్, అంటే ఇంకో ల్యాబులో తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ఒక్కోటి రెండు మూడేళ్లు, చాలామంది రెండు చేస్తారు. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి 32 నుంచి 35. ఐఐటీలోనో ఐసర్‌లోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ వన్‌కి మూల వేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది, కరువు భత్యం వగైరాలు వేరే. ఈలోగా మీ తోడల్లుడి కొడుకు కోకాపేటలో ఫ్లాటు కొని గృహప్రవేశం చేసేసి ఉంటాడు. మీరు పీటల పక్కన కూర్చుని నవ్వుతూ ఫొటో దిగాలి. తేలికేం కాదు, నాకు తెలుసు.

ఇంట్లో నిజంగా డబ్బుకి ఇబ్బంది ఉంటే ఆ లెక్క పిల్ల దగ్గర దాచకండి. “మా సంగతి చూసుకోకు, నువ్వు చదువుకో” అని పైకి అని, లోపల చెల్లెలి పెళ్లి అప్పు గురించి కుమిలిపోవడం ఎవరికీ మంచిది కాదు. మూడో ఏడాదిలో అది ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు పిల్లకి ప్రయోగం మీద మనసు నిలవదు. ఫెలోషిప్పులోంచి నెలకి కొంత పంపగలదా, పంపకపోతే ఇల్లు గడుస్తుందా అన్నది చేరకముందే కూర్చుని కాగితం మీద రాసుకోండి. రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పు తీర్చి మళ్లీ పరిశోధనకి వచ్చేవాళ్లూ ఉన్నారు. అది కూడా ఒక దారే.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది మరో చోట. ఎంసెట్, జేఈఈ కౌన్సెలింగులకి అలవాటుపడిన కళ్లతో పీహెచ్‌డీని కూడా చూస్తారు. ఏ సంస్థ గొప్పది, దాని ర్యాంకెంత, ఊళ్లో పేరు చెబితే తెలుస్తుందా? బీటెక్‌కి ఆ లెక్క కొంత నిజం. పీహెచ్‌డీకి దాదాపు పనికిరాదు. పరిశోధనలో చేరేది సంస్థలో కాదు, ఒక గైడు దగ్గర, ఒక ల్యాబులో. పేరున్న సంస్థలో లేజర్ పాడై విదేశం నుంచి విడిభాగం కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్న ల్యాబు ఉండొచ్చు. పేరు తెలియని చోట పొద్దున్నే లేజర్ వెలిగి రాత్రి దాకా పనిచేసే ల్యాబు ఉండొచ్చు. ఈ రెండోది వంద రెట్లు మేలు.

గైడు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ రంగంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1980ల్లో అందరినీ పట్టి పీడించిన చిక్కు ఒకటే. పొట్టి పల్సుని బలంగా చెయ్యబోతే, బలపరిచే గాజే పగిలిపోయేది. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెరార్ మూరూ అనే ప్రొఫెసరు దగ్గర డానా స్ట్రిక్‌లాండ్ పీహెచ్‌డీ విద్యార్థిని. వాళ్లు పట్టిన ఉపాయం ఇది: కిలోమీటరుకి పైగా పొడవున్న గాజు ఫైబరులోంచి పల్సుని పంపి సాగదీస్తే దాని తీవ్రత తగ్గుతుంది. అప్పుడు బలపరిచి, ఆ తరవాత మళ్లీ కుదిస్తే గాజు పగలదు, పల్సు మాత్రం బ్రహ్మాండంగా తయారవుతుంది. ఇద్దరూ కలిసి 1985లో అచ్చువేసిన ఆ పేపరు ఆవిడ జీవితంలో మొట్టమొదటి శాస్త్రీయ పత్రం. 2018లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. లేసిక్ యంత్రం నుంచి ఇండోర్‌లో రాజా రామన్న సెంటర్ (ఆర్ఆర్‌క్యాట్) పెట్టిన భారీ లేజర్ల దాకా పనిచేసేది ఈ పద్ధతితోనే. కష్టమైన ప్రశ్న ఇచ్చి, చెయ్యగలవని నమ్మి, పేపరు మీద విద్యార్థి పేరు ముందు పెట్టిన గైడు దొరకడం ఆవిడ అదృష్టం.

అందరికీ అలాంటివాళ్లు దొరకరు. అందుకే పిల్ల ల్యాబు ఎంచుకునేటప్పుడు ఆ గైడు దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారో, ఇప్పుడు ఎక్కడున్నారో, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో కనుక్కోమనండి. లేజర్ నడుస్తోందా, దాని మరమ్మతుకి గ్రాంటు ఉందా అన్నదీ అడగమనండి. మీరు సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి ఎన్ని చోట్ల వాకబు చేస్తారు? గైడుతో గడిపేది ఐదారేళ్లు. ఆ వాకబులో సగమైనా ఇక్కడ చెయ్యాలి కదా.

దూరం గురించి దిగులు పడేవాళ్లకి ఒక మాట. తెలుగునేల మీద కూడా ఈ పని జరుగుతోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకన్ లేజర్ల పని ఎన్నో ఏళ్లుగా ఉంది. దగ్గర్లోనే గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ కేంద్రం ఉంది. ముంబై టీఐఎఫ్ఆర్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ (పీఆర్ఎల్), ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్ ఈ రంగంలో పేరున్నవి. అలాగని ఇంటికి దగ్గరని ల్యాబు ఎంచుకోవద్దు. ఈ రంగంలో ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు హంగరీలోని సెగెద్‌కో, మ్యూనిక్ పక్కన గార్షింగ్‌కో, హాంబుర్గ్‌కో పెట్టె సర్దుకోవాల్సినవాళ్లే. అక్కడి పెద్ద యంత్రాల మీద ప్రయోగానికి కొన్ని రోజుల సమయం దొరికితే చాలు, దానికోసం ఏడాది ముందునుంచి తయారవుతారు. ఆ రోజుల్లో ఫోను ఎత్తకపోతే కంగారుపడకండి.

పీహెచ్‌డీలో మూడో ఏడాది గడ్డుకాలం. మార్కులొచ్చే కోర్సులు అయిపోయి ఉంటాయి, పేపర్లు ఇంకా రావు, తోటివాళ్లు ఉద్యోగాల్లో కుదురుకుంటారు. ఆ ఏడాది దసరాకి వచ్చిన పిల్లని “ఇంకా ఎన్నాళ్లే?” అని అడక్కండి. ఎన్నాళ్లో తెలిస్తే తనే చెబుతుంది. “ఇప్పుడేం చూడాలని ప్రయత్నిస్తున్నావు? ఎక్కడ ఆగిపోయింది?” అనండి. మీకు అర్థం కాదేమోనన్న సంకోచం వద్దు. అర్థమయ్యేలా చెప్పబోతుంటే తన చిక్కే తనకి విడిపోవచ్చు. కాకపోయినా, ల్యాబు బయట తన పని గురించి అడిగే మనుషులున్నారన్న ధీమా ఉంటుంది. నిద్ర లేకపోవడం, తిండి మానెయ్యడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం అది చదువు ఒత్తిడిలే అని వదిలెయ్యకండి. వెళ్లి చూడండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆర్నెల్లు సెలవు తీసుకుంటే పీహెచ్‌డీ ఎక్కడికీ పోదు.

ఆడపిల్లయితే పెళ్లి సంగతి వస్తుంది. 26 దాటాక సంబంధాలు రావని పక్కింటి వదినగారు తప్పకుండా అంటుంది. డానా స్ట్రిక్‌లాండ్ 1959లో పుట్టింది. పీహెచ్‌డీ తరవాత కెనడాలోనూ అమెరికాలోనూ రకరకాల ల్యాబుల్లో పనిచేసి, వాటర్లూ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది 1997లో. అంటే నలభైకి దగ్గర పడ్డాక. ఆవిడ భర్తా భౌతికశాస్త్రవేత్తే. ఆన్ లూయియే ఫ్రాన్స్‌లో ఉద్యోగం వదిలి 1990ల్లో స్వీడన్ వెళ్లి కొత్తగా మొదలుపెట్టింది. ఇద్దరికీ సంసారం ఉంది, పిల్లలున్నారు. పెళ్లి వల్ల పరిశోధన ఆగదు. రాత్రి రెండింటికి ల్యాబు నుంచి వచ్చే భార్యని అర్థం చేసుకుని, ఏడాది హాంబుర్గ్ వెళ్తానంటే సరేననగల భర్త కావాలి, అంతే. సంబంధం చూస్తే ఆ సంగతి ముందే మాట్లాడండి. “పెళ్లయ్యాక చూసుకోవచ్చులే” అని దాటవేస్తే, ఆ తరవాత సర్దుకుపోవాల్సి వచ్చేది ఎవరో మీకూ నాకూ తెలుసు. మగపిల్లవాడికీ ఇదే వర్తిస్తుంది. ముప్పై దాటినా “స్థిరపడని” అల్లుడంటే పిల్లనిచ్చేవాళ్లు వెనకాడతారు. మీరు నిబ్బరంగా నిలబడితే వాడు నిలబడతాడు.

ఇక ఉద్యోగాలు. ఇక్కడ తియ్యగా చెప్పి ప్రయోజనం లేదు. పీహెచ్‌డీ చేసిన అందరూ ప్రొఫెసర్లు కారు, ఖాళీలు అన్ని లేవు. కొందరు ఆర్ఆర్‌క్యాట్, బార్క్, డీఆర్‌డీవో వంటి ప్రభుత్వ సంస్థల్లోకి వెళ్తారు. కొందరు లేజర్లు, చిప్పులు, వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీల్లోకి వెళ్తారు. వీటిలో ఎక్కువ జర్మనీ, అమెరికా, ఫ్రాన్స్, లిథువేనియాల్లో ఉన్నాయి. భారతదేశంలో ఆ పరిశ్రమ ఇంకా చిన్నది. కొందరు డేటా, సాఫ్ట్‌వేర్ వైపు మళ్లుతారు, వాళ్లు ల్యాబులో రాసిన ప్రోగ్రాములు అక్కడ పనికొస్తాయి. అలా మళ్లినవాళ్లని మన ఇళ్లల్లో “ఆ మాత్రానికి ఆరేళ్లెందుకు?” అంటారు. ఆ మాట మీ ఇంట్లో రాకుండా చూసుకోండి. మధ్యలో మానేసినా అంతే. ఏడాదికొకసారి, పుట్టినరోజునాడో ఎప్పుడో, “ఇంకా చెయ్యాలని ఉందా?” అని మామూలుగా అడగండి. మానేస్తానంటే తిట్టరని, చేస్తానంటే ఆపరని తనకి తెలిసి ఉంటే చాలు, నిజం చెబుతుంది.

ఇంకా ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉన్న పిల్లల తల్లిదండ్రులకైతే ఇంత తొందర లేదు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పు ఉంది. డిగ్రీ పిల్లలు అందులో ఎంపికైతే ఎండాకాలం ఎనిమిది వారాలు నిజమైన ల్యాబులో పనిచెయ్యొచ్చు. దరఖాస్తులు అంతకుముందు చలికాలంలోనే ముగిసిపోతాయి కాబట్టి దీపావళి వెళ్లగానే గుర్తుచెయ్యండి. రెండు నెలలు చీకటిగదిలో అద్దాలు తుడిచి వచ్చాక కూడా ఇదే కావాలంటే అది వేరు, చాలనిపిస్తే అదీ మంచిదే. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం సమయంలో చాలా పరిశోధన సంస్థలు తలుపులు తెరిచి ఎవరినైనా లోపలికి రానిస్తాయి. మీరు కూడా వెళ్లండి. ప్రొఫెసరు గారు చక్కగా వివరిస్తారు, వినండి. ఆ తరవాత పక్కన నిలబడ్డ పరిశోధక విద్యార్థుల్లో మూడో ఏడాదో నాలుగో ఏడాదో చేస్తున్న పిల్లనో పిల్లవాణ్నో చూసుకుని, టీ తాగుదాం రమ్మని బయటికి పిలవండి. అడగాలనుకున్నవన్నీ అక్కడ అడగండి.